మెయింటెనెన్స్ యాప్: రసీదు ఇచ్చిన వరుసకు తాళం

మా అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ లెక్కల కోసం తీరిక దొరికినప్పుడల్లా రాసుకుంటున్న డెస్క్‌టాప్ యాప్‌లో ఈసారి చేసిన పని ఒక్కటే: రసీదు ఇచ్చేశాక ఆ వరుసను ఎవరూ మార్చడానికి వీల్లేదు. భాష పైథాన్, లైబ్రరీ పైసైడ్6 (తెర మీద కిటికీలు, బటన్లు చూపించేది), జాబితా క్యూలిస్ట్‌విడ్జెట్ (ఆ లైబ్రరీలోని జాబితా పెట్టె). వరుస ఇలా ఉంటుంది: "302 – మార్చి – 2,500", దాని ముందు ఒక చెక్‌బాక్స్. డబ్బు చేతికొస్తే టిక్కు, రసీదు ఇస్తే తాళం.

జాబితా మొత్తానికీ తాళం వేయాలంటే సులువే. ఏ పని చేస్తే ఎడిటర్ తెరుచుకోవాలో చెప్పే సెట్‌ఎడిట్‌ట్రిగ్గర్స్‌కు నోఎడిట్‌ట్రిగ్గర్స్ (ఏదీ వద్దు) ఇస్తే డబుల్ క్లిక్ చేసినా, ఎఫ్2 నొక్కినా ఎడిటర్ తెరుచుకోదు. కానీ టిక్కు మాత్రం మారుతూనే ఉంటుంది! చెక్‌బాక్స్ మీద క్లిక్‌ను డెలిగేట్ (ఒక్కో వరుసను గీసి, దాని క్లిక్‌లు చూసుకునే భాగం) ముందే అందుకుంటుంది, ట్రిగ్గర్ల దాకా రానే రాదు. పైగా నాకు కావాల్సింది కొన్ని వరుసలకే.

కాబట్టి ఐటమ్ ఫ్లాగ్స్ దగ్గరికే వెళ్లాలి, అంటే ఒక్కో వరుసతో (ఐటమ్‌తో) ఏమేం చేయొచ్చో చెప్పే గుర్తుల దగ్గరికి. ఇవి బిట్లు: సెలెక్టబుల్ (ఎంచుకోవచ్చు) 1, ఎడిటబుల్ (రాత మార్చొచ్చు) 2, యూజర్‌చెకబుల్ (టిక్కు మార్చొచ్చు) 16, ఎనేబుల్డ్ (పనిచేసే స్థితి) 32. ఎనేబుల్డ్ తీసేస్తే పనైపోతుంది కదా అనిపిస్తుంది, కానీ వరుస బూడిద రంగుకు తిరిగి, సెలెక్ట్ కూడా కాదు. పాత రసీదు వివరాలను కంట్రోల్ సీతో కాపీ చేసుకోవాలనుకునేవాళ్లకు అది చికాకు. అందుకని 2నీ 16నీ మాత్రమే తీసేశాను. చెక్‌బాక్స్ కనబడుతూనే ఉంటుంది, నొక్కితే మారదు. అచ్చంగా కావలసింది ఇదే.

బిట్ తీసేటప్పుడు "అండ్, నాట్" జంటే వాడండి. నెట్‌లో చాలాచోట్ల ఎక్స్ఆర్‌తో రాసిన కోడ్ కనిపిస్తుంది. అది తీసేయడం కాదు, తిరగేయడం: బిట్ ఉంటే తీస్తుంది, లేకపోతే పెడుతుంది. లిస్ట్‌విడ్జెట్ ఐటమ్‌కు ఎడిటబుల్ మొదట్నుంచీ ఉండదు, కాబట్టి అక్కడ ఎక్స్ఆర్ వాడితే తాళం పడాల్సింది పోయి తెరుచుకుంటుంది. క్యూటేబుల్‌విడ్జెట్ ఐటమ్‌కు మాత్రం ఎడిటబుల్ ముందే ఉంటుంది. అందుకే ఆ కోడ్ కొందరికి పనిచేస్తుంది, కొందరికి చెయ్యదు.

ఇక అసలు తలనొప్పి. వరుసలో ఏదైనా మారిందని చెప్పే ఐటమ్‌చేంజ్డ్ సిగ్నల్ రాగానే తాళం వేద్దామంటే, సెట్‌ఫ్లాగ్స్ పిలిచిన వెంటనే అదే సిగ్నల్ మళ్లీ వస్తుంది. అది మళ్లీ సెట్‌ఫ్లాగ్స్‌ను పిలుస్తుంది. ఇలా తనను తానే పిలుచుకుంటూ పోయి చివరికి రికర్షన్‌ఎర్రర్. రంగు మార్చినా ఆ సిగ్నల్ మళ్లీ వస్తుంది. ఫ్లాగ్స్, రంగు మార్చే ఆ రెండు లైన్ల ముందు విడ్జెట్ మీద బ్లాక్‌సిగ్నల్స్ (సిగ్నల్స్‌ను ఆపేది) ఆన్ చేసి, తర్వాత ఆఫ్ చేస్తే సరి. తెర మీద బొమ్మ ఆగిపోతుందేమో అని టెన్షన్ అక్కర్లేదు, మార్పు కబురు వ్యూకు (తెర మీద చూపించే భాగానికి) మోడల్ (డేటా ఉండే భాగం) నుంచి వస్తుంది, విడ్జెట్ నుంచి కాదు.

బాకీల జాబితా నుంచి వసూలైన జాబితాలోకి వరుసను లాగి పడేసే వెసులుబాటు కూడా పెట్టాను. అక్కడ ఇంకో తిరకాసు: లాగినప్పుడు వెళ్లేది డేటా మాత్రమే, ఫ్లాగ్స్ వెళ్లవు. అవతల కొత్త ఐటమ్ పుడుతుంది, టిక్కు మళ్లీ మార్చుకోవచ్చు. అందుకే "రసీదు ఇచ్చాం" అనే సంగతిని యూజర్‌రోల్‌లో (ఐటమ్‌లో మన సొంత డేటా పెట్టుకునే చోట) దాచి, ఫ్లాగ్స్‌ను ఎప్పటికప్పుడు దాన్నిబట్టి లెక్కగడుతున్నాను. యూజర్‌రోల్ డేటాతో పాటే ప్రయాణిస్తుంది.

నిజానికి జాబితా పెద్దదైతే క్యూఅబ్‌స్ట్రాక్ట్‌లిస్ట్‌మోడల్ ఆధారంగా సొంత మోడల్ రాసుకుని, దాని ఫ్లాగ్స్ ఫంక్షన్‌లోనే తేల్చేయడం మేలు. సిగ్నల్స్ గోల ఉండదు. మా ఫ్లాట్ల సంఖ్యకు అంత హంగామా అవసరం లేదని ఆగాను.

ఇప్పటికి తాళం తెర మీదే ఉంది. లెక్కలు దాచే ఎస్‌క్యూలైట్ డేటాబేస్ ఫైలును వేరే ప్రోగ్రాంతో తెరిస్తే అంకె మార్చేయొచ్చు. తర్వాతి పని, రసీదు నంబరున్న వరుసలో అప్‌డేట్ జరగబోతే రైజ్ అబార్ట్‌తో ఆపేసే ట్రిగ్గర్ (ఇది వేరే: డేటాబేస్ తనంతట తానే నడిపే నియమం) ఒకటి టేబుల్ మీద రాయడం. డిలీట్‌కు వేరే ట్రిగ్గర్ కావాలి, అదీ అప్పుడే.