హంసావతి ప్రభువుల ఊళ్లో

2019 జనవరిలో బర్మా వెళ్లినప్పుడు నా మనసు ముందుగా లాగింది ష్వెడగాన్ పగోడా వైపు కాదు, దల వైపు. పాన్‌సొడాన్ రేవులో పడవ ఎక్కితే కొద్ది నిమిషాల్లో రంగూన్ నది దాటేస్తాం. ఆవలి గట్టున సైకిల్ రిక్షాలు, చేపల బుట్టలు, వెదురు ఇళ్లు. ఈ పరిసరాల్లోనే 1415లో ఆవా యువరాజు మిన్‌యే చౌస్వా ప్రాణం పోయింది.

ఐరావతి ఎగువన బర్మీయుల ఆవా, దిగువన సముద్రపు అంచున మోన్ జాతివారి హంసావతి. 1385లో మొదలై 1424 దాకా సాగిన వీటి పోరునే నలభై ఏళ్ల యుద్ధం అంటారు. దాని మూలం ఇంటి తగాదా. 1384లో బిన్యా న్వే అనే యువకుడు హంసావతి గద్దెనెక్కి రాజాధిరాజు అని బిరుదు పెట్టుకున్నాడు. మ్యౌంగ్‌మ్యా ప్రాంతాన్ని ఏలుతున్న అతని బంధువు లౌక్‌ప్యాకు ఆ పెత్తనం రుచించలేదు. తాను ఆవాకు సామంతుడిగా ఉంటానని కబురంపి ఎగువ సైన్యాన్ని దిగువకు రప్పించాడు. తన చుట్టాలే తల వంచని రోజున ఆ యువకుడు రాజులకు రాజునని చాటుకున్నాడు. ఆ బిరుదును నిజం చేసుకోవడానికే అతని జీవితమంతా సరిపోయింది.

అందుకు చెల్లించిన మూల్యంలో కన్నకొడుకు కూడా ఉన్నాడు. తిరుగుబాటు చేస్తాడన్న అనుమానంతో రాజాధిరాజు తన పెద్దకొడుక్కు మరణశిక్ష వేశాడు. ఆ కుర్రవాడు తండ్రి మీద పగ తీర్చుకునే జన్మ కావాలని కోరుకుని చనిపోయాడనీ, ఆవా రాజకుటుంబంలో మిన్‌యే చౌస్వాగా పుట్టాడనీ వంశచరిత్రలు చెబుతాయి. పెద్దయ్యాక ఆ యువరాజు హంసావతిని వణికించాడు. చివరికి దల దగ్గర ఏనుగు మీద పోరాడుతూ ఒళ్లంతా గాయాలతో శత్రువులకు చిక్కాడు. వైద్యం వద్దన్నాడు. అప్పటికి అతనికి 24 ఏళ్లు. రాజాధిరాజు అతనికి రాజలాంఛనాలతో అంత్యక్రియలు జరిపించాడు. దల వీధుల్లో తిరుగుతున్నంతసేపూ నేను ఆ తండ్రి గురించే ఆలోచించాను. తన కొడుకే తిరిగి వచ్చాడన్న మాటను అతను నమ్మి ఉంటే, ఆ అంత్యక్రియల వేళ ఎలా నిలబడ్డాడో!

మర్నాడు బగోకు రైల్లో వెళ్లాను. రంగూన్‌కు ఈశాన్యంగా రెండు గంటల దూరం. పూర్వపు హంసావతీ నగరం ఇదే. ఇప్పుడు ఇక్కడ అందరూ చూసేది కంబోజథాది భవనం. 1990ల్లో తవ్వకాల తర్వాత తిరిగి కట్టింది కాబట్టి బంగారు రంగు మెరుపే తప్ప లోపలి గదుల్లో పెద్దగా ఏమీ లేదు. నన్ను కట్టిపడేసినవి పక్కనున్న మ్యూజియంలోని టేకు మొదళ్లు. అసలు భవనం స్తంభాలవి. ఏ ప్రాంతం వారు పంపారో వాటి మీద మోన్ లిపిలో చెక్కి ఉంది. ఆ నగరానికి ఉన్న 20 ద్వారాలకూ వాటిని కట్టిన సామంత రాజ్యాల పేర్లే పెట్టారు.

ఆ భవనం కట్టించిన బయిన్నౌంగ్ అసలు పేరు యే టుట్. తల్లి రాజకుమారుడికి పాలదాది. ఆ రాజకుమారుడు తబిన్‌ష్వేటి పెరిగి బర్మీయుల టౌంగూ రాజ్యానికి రాజయ్యాడు. 1538లో నౌంగ్యో దగ్గర తమకంటే పెద్దదైన మోన్ సైన్యం ఎదురైనప్పుడు యే టుట్ నది దాటి, వెనక్కి వెళ్లే దారి లేకుండా తెప్పల వంతెనను ధ్వంసం చేయించాడు. తాను వచ్చేదాకా ఆగమని రాజు కబురు పంపితే, అప్పటికే గెలిచామని జవాబిచ్చి, ఆ తర్వాత యుద్ధానికి దిగి గెలిచాడు. అందుకు దక్కిన బిరుదే బయిన్నౌంగ్, అంటే రాజుగారి అన్న. తర్వాత అతడే రాజయ్యాడు. తెల్ల ఏనుగుల ప్రభువు కావాలని 1563లో సయాం (నేటి థాయ్‌లాండ్) రాజును రెండు తెల్ల ఏనుగులు అడిగాడు. ఆయన కాదన్నాడు. ఆ సాకుతో సయాం రాజధాని అయుత్థయ మీద దండెత్తాడు.

అతని వీరత్వాన్ని నేను తక్కువ చేయను. కానీ 1552లో ఏనుగుల మీద ద్వంద్వయుద్ధంలో అతనితో తలపడి ఓడిన మోన్ వీరుడు ‘స్మిమ్ తో’ పేరు ఎందరికి తెలుసు? మోన్ భాషలో స్మిమ్ అంటే ప్రభువు. 1740లో మోన్‌లు మళ్లీ స్వతంత్రం ప్రకటించుకున్నప్పుడు తొలి రాజు ఆ బిరుదుతోనే గద్దెనెక్కాడు. అతని తర్వాతి రాజు బిన్యా దల. ఇదీ పాత బిరుదే. రాజాధిరాజు చరిత్రను మోన్ నుంచి బర్మీస్‌లోకి అనువదించిన బయిన్నౌంగ్ సేనాని కూడా ఒక బిన్యా దలే, అతడూ మోనే. రాజు బిన్యా దల సేనలు 1752లో ఆవాను పట్టుకున్నాయి. అయిదేళ్లకే, 1757లో, బర్మీయుల రాజు అలౌంగ్‌పయా బగోను నేలమట్టం చేశాడు. ఆ తర్వాత మోన్‌లకు స్వతంత్ర రాజ్యం లేదు.

సాయంత్రం ష్వేమోడో పగోడా దగ్గర మౌల్మేన్ నుంచి వచ్చిన ఒక మోన్ పెద్దాయన పరిచయమయ్యారు. 1917 భూకంపంలో కూలిపడిన శిఖరపు ముక్కను, ఇప్పటికీ ప్రాంగణంలో అలాగే ఉన్నదాన్ని, చూపించారు. తెలుగువాణ్ణని చెబితే ఆయన ముఖంలో చిన్న మార్పు కనిపించింది. బర్మీయులు తమను తలైంగ్‌లు అనేవారనీ, అది తెలింగ నుంచి వచ్చిందని బ్రిటిష్ కాలంలో కొందరు రాశారనీ, ఆ పిలుపు తమవాళ్లకు అవమానమనీ నెమ్మదిగా చెప్పారు. ఆ వ్యుత్పత్తి ఇంతవరకు రుజువు కాలేదు. కోరంగి రేవు నుంచి కూలికి వచ్చిన మనవాళ్లను రంగూన్‌లో కోరంగీలు అని హేళన చేసేవారని నేను చెప్పాను. ఆయన నా చేయి పట్టుకున్నారు.

రాజధాని నేపిడాలోని కవాతు మైదానంలో ముగ్గురు రాజుల మహావిగ్రహాలున్నాయని కూడా ఆయనే గుర్తుచేశారు. అనోరథ, బయిన్నౌంగ్, అలౌంగ్‌పయా. మొదటివాడు 1057లో మోన్‌ల థటోన్‌ను జయించాడని వంశచరిత్రలు చెబుతాయి. మిగతా ఇద్దరి సంగతి బగోలో చూశాను. ముగ్గురూ మోన్‌లను ఓడించినవారే. బగోలోనైనా రాజాధిరాజుకూ స్మిమ్ తోకూ బయిన్నౌంగ్‌తో సమానంగా చోటు ఇవ్వాలి. ఇది మోన్‌ల రాజధాని.