స్పర్ గేరు, కాగితం పీలిక

మా మేనల్లుడి ఆర్‌సీ కారు, అదే రిమోట్‌తో నడిచే బొమ్మ కారు, మళ్ళీ రోడ్డెక్కింది. రోడ్డంటే బెంగళూరు మారతహళ్ళిలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపే లెండి.

ట్రిగ్గర్ నొక్కితే మోటారు ఒకటే గోల, బండి మాత్రం కదలదు. విప్పితే స్పర్ గేరు (మోటారు తిప్పే పెద్ద పళ్ళచక్రం) పళ్ళు ఒక పక్కంతా నున్నగా అరిగిపోయాయి. మోటారుకుండే చిన్న గేరు, అదే పినియన్, స్టీలు, స్పర్ ప్లాస్టిక్కు. పోతే చవకదే పోవాలి కదా! స్టీలు స్పర్ వేయమని ఒకరిద్దరు సలహా ఇచ్చారు. నేను వేయలేదు. అప్పుడా దెబ్బ నేరుగా డిఫరెన్షియల్‌కి, అంటే రెండు చక్రాలనీ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్లకి, తగులుతుంది.

స్పర్ ఆన్‌లైన్లో తెప్పించా. బేరింగులకి మాత్రం విడిభాగాల కొట్లుండే ఎస్పీ రోడ్డే. కొట్టాయన పాతది వేళ్ళ మధ్య పట్టి తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని, "దీని పని అయిపోయింది సార్" అని తెలుగులోనే తేల్చేశాడు. 5×11×4 మిల్లీమీటర్లది చేతిలో పెట్టాడు.

అసలు పని మెష్ కుదర్చడం, అంటే రెండు గేర్ల పళ్ళూ సరైన సందుతో కలిసేలా చూడడం. నోట్‌బుక్ కాగితం పీలిక గేర్ల మధ్య పెట్టి, పినియన్‌ని ఆనించి, మోటారు స్క్రూలు బిగించాలి. ఆ పీలిక లాగేస్తే దాని మందమంత సందు మిగులుతుంది. కాగితం మీద పళ్ళ మడతలు పడాలి గానీ చిరగకూడదు. ఆ మడతలు చూస్తే ఎంత తృప్తో! స్క్రూలు అదురుకి వదులవకుండా నీలం థ్రెడ్‌లాక్ జిగురు కూడా వేశా.

స్పర్ పట్టుకుని ఒక వెనక చక్రం తిప్పితే రెండోది ఎదురు తిరిగింది. డిఫ్ బాగానే ఉంది.

"మామా, ఈసారి 3ఎస్ బ్యాటరీ పెడదామా?" అంటున్నాడు వాడు.

3ఎస్ అంటే మూడు సెల్లుల బ్యాటరీ, ఇంకా జోరు. ససేమిరా పెట్టను.