ఏకాంగులను సంసారులనుగా చేయువాడు

తండ్రిలేనివారికి దేవుడే తండ్రి అని చెప్పే 68వ కీర్తన ఐదో వచనం మనందరికీ కంఠతా వచ్చు. అనాథాశ్రమాల గోడల మీద, కానుకల కవర్ల మీద కనిపించేది అదే. "దేవుడు ఏకాంగులను సంసారులనుగా చేయువాడు", అంటే ఒంటరివాళ్ళకు ఒక కుటుంబాన్నిస్తాడు అనే ఆరో వచనం దాకా మాత్రం ఎందుకో వెళ్ళం. ఈ వేసవిలో మళ్ళీ రొమేనియా వెళ్ళొచ్చినప్పటి నుంచి నన్ను వదలనిది ఆ వచనమే.

మేముండే ఇంగ్లండులోని చర్చివాళ్ళు 1990 నుంచి రొమేనియా పిల్లల కోసం పనిచేస్తున్నారు. జనాభా పెరగాలని అక్కడి కమ్యూనిస్టు నియంత చౌషెస్కు ప్రభుత్వం 1966లో గర్భస్రావాలను నిషేధించింది. సాకలేని తల్లిదండ్రులు పిల్లల్ని సర్కారు హోముల్లో వదిలేశారు. 1989లో, సరిగ్గా క్రిస్మస్ రోజున, అతణ్ణి కాల్చి చంపేనాటికి ఆ హోముల్లో లక్షమందికి పైగా పిల్లలున్నారు. వాళ్ళలో చాలామందికి అమ్మానాన్నలు బతికే ఉన్నారు. (మన వైపు హాస్టళ్ళలోనూ ఫారంలో "అనాథ" అని రాసినవాళ్ళంతా అనాథలు కారని మనకు తెలియనిదా!)

మొదట్లో వెళ్ళిన ఒక పెద్దావిడ చెప్పేది: గదినిండా ఊచల మంచాలు, దిండుకు ఆనించిన పాలసీసాలు, ఏడుపు మాత్రం వినబడదు. ఏడ్చినా ఎవరూ రారని ఆ పసివాళ్ళకు తెలిసిపోయింది. కాస్త పెద్ద పిల్లలు మాత్రం ఎవరొచ్చినా పరుగెత్తుకొచ్చి "మామా" (వాళ్ళ భాషలో అమ్మా అని) అంటూ చుట్టేసుకునేవారట. వెళ్ళినవాళ్ళు కరిగిపోయి ఫొటోలు దిగేవారు. ఎంత ప్రేమో అనుకునేవారు.

అది ప్రేమ కాదు, గాయం. 2000లో రాజధాని బుకారెస్టులో, హోముల్లో ఉన్న 136 మంది పసివాళ్ళతో ఒక అధ్యయనం మొదలైంది. వాళ్ళలో సగం మందిని పెంపుడు కుటుంబాలకు పంపారు. రెండేళ్ళు నిండకముందే ఇల్లు దొరికినవాళ్ళు బాగా కోలుకున్నారు. ముక్కూమొహం తెలియనివాళ్ళ వెంట కూడా వెళ్ళిపోయే స్వభావం, తనవాళ్ళంటూ ఎవరూ లేక పెరిగిన పిల్లల్లోనే ఎక్కువ కనిపించింది. రెండేళ్ళలోపు పిల్లల్ని హోముల్లో పెట్టకూడదన్న చట్టం 2005లో అమల్లోకి వచ్చింది.

మా చర్చి రంగులు వేయించి, మంచాలు కొనిచ్చిన పెద్ద హోము భవనానికి ఇప్పుడు తాళం. అది చూసి మాలో ఒకరిద్దరికి మనసు చివుక్కుమంది. ఇచ్చేవాళ్ళకు భవనం మీద మమకారం ఎక్కువ, ఏం చేస్తాం!

ఇప్పుడు సాయమంతా చిన్న ఇళ్ళకే. ఒక్కో ఇంట్లో నలుగురైదుగురు పిల్లలు, వాళ్ళను సాకే ఒక తల్లి. మేం చాక్లెట్ల సంచులతో దిగేసరికి ఒక చిన్నపిల్ల గబుక్కున ఆ తల్లి వెనక దాక్కుంది. ఎంత పిలిచినా రాలేదు. మొదటిసారి వచ్చిన కుర్రాడు చిన్నబుచ్చుకున్నాడు. పెద్దావిడ మాత్రం ముఖం వెలిగిపోతుండగా, "అమ్మ దగ్గరికే వెళ్ళింది చూశావా, ఇన్నేళ్ళూ మేం ప్రార్థన చేసింది ఇందుకే" అంది. చాక్లెట్లు ఆ తల్లి చేతికే ఇచ్చింది. ఇంకేం కావాలని అడిగితే, చలికాలానికి కట్టెలు కావాలని ఆ తల్లి చెప్పింది. ఈసారి ఆ డబ్బే ఇచ్చి వచ్చాం.