తొట్లకొండ నుంచి భీమిలి దాకా, వాననీటి జాడలో

కార్తీకమాసంలో ఆదివారమంటే విశాఖ నుంచి భీమిలి దాకా ఉన్న ప్రతి తోటలోనూ వనభోజనాలే. పొద్దెక్కితే బీచ్ రోడ్డు మీద బస్సులూ కార్లూ తప్ప మరేమీ కనిపించవు కనుక, వదిననూ అన్నయ్య కొడుకునూ వెంటబెట్టుకుని ఈరోజు చీకటితోనే బయలుదేరాను. పాత బౌద్ధారామమున్న తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు, భీమిలిలోని డచ్చివారి సమాధులు మా ఊరివాళ్లందరూ చూసినవే, చుట్టాలు వస్తే తిప్పి చూపించేవే. అయితే చుట్టాలను తిప్పేటప్పుడు మన ధ్యాసంతా వాళ్ల సౌకర్యం మీదా భోజనం వేళ మీదా ఉంటుంది తప్ప స్థలం మీద ఉండదు. ఆశ్వయుజంలో వానలు బాగా కురిశాయి, కొండ మీది తొట్లలో నీరు నిలిచి ఉంటుంది, దిబ్బలలో కొత్త కోతలు పడి ఉంటాయి. ఈ ఏడాది వాటిని తీరికగా, ఎవరికీ చూపించే పని లేకుండా చూడాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను.

కొండ ఎక్కడానికి ఇంకా వేళ కాలేదని ముందుగా మంగమారిపేట దగ్గర దిగాము. ఒడ్డున అలలు తొలిచిన సహజ శిలాతోరణం అక్కడుంది. సముద్రం వెనక్కి తీసినప్పుడే దాని కాళ్ల దాకా నడిచి వెళ్లగలం. వల సర్దుకుంటున్న పెద్దాయన మమ్మల్ని చూసి, "నీరు తీసున్నాదమ్మా, ఎళ్లండి, గానీ నాచు మీద కాలెట్టకండి" అన్నాడు. తోరణాన్ని చూసిన సేపటికంటే దాని పక్కనున్న ఇసుకను చూసిన సేపే ఎక్కువ. అల వెనక్కి మళ్లిన ప్రతిసారీ తేలికైన తెల్ల ఇసుక కొట్టుకుపోయి, బరువైన రేణువులు చేటలో చెరిగినట్టు చారలు చారలుగా మిగులుతున్నాయి. నల్లని చారలో ఎక్కువగా ఉండేది ఇల్మనైట్ అనే ఇనుప ఖనిజం. దాని అంచున లేత దానిమ్మ రంగులో కనిపించేది గార్నెట్. తూర్పు కనుమలలోని ఖోండలైటు రాయి వానకూ ఎండకూ శిథిలమై, వాగుల వెంట సముద్రానికి చేరి, అలల చేత ఇలా వేరుపడుతుంది. చిటికెడు ఇసుక అరచేతిలో వేసుకుని ఎండకు తిప్పితే ఎర్రని రేణువులు ఒక్కొక్కటీ విడివిడిగా మెరిశాయి. ఆ రాయే కొండ మీద బౌద్ధులకు గోడలు కట్టుకోవడానికి పనికివచ్చింది, ఆ ఇసుకే దిబ్బలకు ఎరుపు రంగును ఇచ్చింది.

తొట్లకొండ సముద్రమట్టానికి 128 మీటర్ల ఎత్తున ఉంది. పైదాకా వాహనాలు వెళ్లే రోడ్డు ఉన్నప్పటికీ మేము నడిచే ఎక్కాము. దారి పక్కన సీతాఫలం చెట్లకు చివరి కాపు మిగిలి ఉంది. పరికి పొదలు మాత్రం వదిన చీర కుచ్చిళ్లను రెండు మలుపులకొకసారి పట్టుకుని ఆపాయి. 1976లో నౌకాదళం వారు స్థావరం కోసం విమానం మీద నుంచి సర్వే చేస్తుండగా ఈ ఆరామం ఆనవాళ్లు బయటపడ్డాయి. 1988 నుంచి 1993 వరకు రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్ది ప్రాంతంలో మొదలై సుమారు ఐదారు వందల ఏళ్లు ఇక్కడ భిక్షువులు నివసించారు. మహాస్తూపం, ప్రార్థనకు చైత్యగృహాలు, భిక్షువులుండే విహారాలు, స్తంభాల మండపం, భోజనశాల అన్నింటి పునాదులూ వరుసగా కనిపిస్తాయి. శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు దొరకడాన్ని బట్టి, కింద రేవుకు వచ్చిపోయే వర్తకుల దానాలతోనే ఈ ఆరామం నడిచిందని చరిత్రకారులు చెబుతారు. సముద్రం ఇంత స్పష్టంగా కనిపించే చోట ఓడ కోసం ఎదురుచూసే వర్తకుడూ, వర్తకుడి కోసం ఎదురుచూసే ఆరామమూ ఉండడం సహజమే.

నన్ను ఎప్పుడూ ఆపేది మాత్రం స్తూపం కాదు, రాతిలో తొలిచిన నీటి తొట్లు. కొండకు ఆ పేరు వచ్చింది వాటి వల్లనే. సిద్ధార్థుడి కాలం నుంచీ భిక్షువులకు వర్షావాసమనే నియమం ఉంది. ఆషాఢ పున్నమి మరునాటి నుంచి మూడు నెలలు సంచారం మాని ఒకచోటనే ఉండాలి. విహారాలు ఏర్పడడానికి ఆ నియమం ఒక ముఖ్య కారణం. అంటే వాన కురిసే నెలలలో నిండుగా మనుషులుండే చోటు ఇది, ఆ తరువాత ఎండు నెలలలో కూడా కొందరైనా మిగిలి ఉండే చోటు. ఊటగాని ఏరుగాని లేని కొండ నెత్తిన ఇన్ని గదులు కట్టుకునే ముందు వాళ్లు ఆలోచించి ఉండవలసిన మొదటి విషయం నీరే అయి ఉంటుంది. మేనల్లుడు సివిల్ ఇంజినీరింగు చదువుతున్నాడు. వాడు స్తూపం దగ్గర ఫోటో అయినా తీసుకోకుండా తొట్టి చుట్టూ తిరిగి, రాతి వాలు ఏ వైపు నుంచి ఏ వైపుకు ఉందో, పడిన చినుకు ఎక్కడికి చేరుతుందో వేలితో గీసి చూపించాడు. ఒక తొట్టిలో నీటిమట్టం అంచుకు సుమారు రెండు జానల దిగువన ఉంది. అడుగున ఆకుపచ్చని నాచు, నీటి మీద సన్నని పురుగులు, గోడ మీద ఉలి దెబ్బలు ఏటవాలుగా వరుస తప్పకుండా కనిపిస్తున్నాయి. రెండువేల ఏళ్ల నాటి పని ఇంకా చేయవలసిన పనినే చేస్తోంది. వాన ఇక్కడ దయగానే ఉంటుందని మాత్రం అనుకోనక్కరలేదు. 2019 అక్టోబరులో కుండపోత వానలకు, పునర్నిర్మించిన మహాస్తూపంలో ఒక భాగం కూలిపోయింది, తరువాత దానిని మళ్లీ కట్టారు. తవ్వి తీసిన కట్టడానికి నీటిని బయటికి పంపే దారి కూడా తీసినంత జాగ్రత్తగా చూపించాలి. మన సంరక్షణ పనులలో రంగులకూ రెయిలింగులకూ దొరికిన శ్రద్ధ కాలువలకు దొరకదని నా అభిప్రాయం.

కొండ దిగి, భీమిలి బస్సు పట్టుకుని ఎర్రమట్టి దిబ్బల దగ్గర దిగేసరికి ఎండ బాగా ఎక్కింది. జీడిమామిడి నీడలో పులిహోర తిని లోపలికి నడిచాము. సినిమా షూటింగుల పుణ్యమా అని ఈ చోటు రాష్ట్రమంతటికీ తెలుసు, అయితే ఏమిటో తెలిసింది తక్కువమందికే. సుమారు ఇరవై వేల ఏళ్ల క్రితం మంచుయుగం ముదిరి ఉన్న రోజులలో ప్రపంచమంతటా సముద్రమట్టం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు దిగువన ఉండేది. అప్పుడు బయటపడిన విశాలమైన ఇసుక నేలల మీద నుంచి గాలి ఇసుకను ఎత్తుకొచ్చి ఇక్కడ పోసింది. ఆ ఇసుకలో ఉన్న ఇనుప ఖనిజాలు కాలక్రమాన తుప్పుపట్టి ప్రతి రేణువు మీదా పూతలాగా పరుచుకోవడం వల్ల ఈ ఎరుపు ఏర్పడింది. దక్షిణాసియాలో ఇలాంటి తీరప్రాంతపు ఎర్ర దిబ్బలు తమిళనాడులో ఉన్నాయి, శ్రీలంకలోనూ ఉన్నాయి, అంతకు మించి ఎక్కువ లేవు. 2014లో భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ దీనిని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2025 సెప్టెంబరులో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో తిరుమల కొండలతో పాటు ఇదీ చేరింది.

గాలి పోసిన దానిని నీరు కోస్తోంది, ఇక్కడ కథంతా అదే. వాన కోసిన కోతలలోకి దిగితే రెండు వైపులా నిలువు గోడలు, అడుగున వాననీరు నడిచిన మెత్తని దారి, దాని అంచున మొగలి పొదలు. ఈ ఏటి వానకు తెగిన ఒక గోడను దగ్గర నుంచి చూశాను. పైన అర మీటరు దాకా లేత పసుపు ఇసుక, దాని కింద ఇటుక ఎరుపు, ఇంకా కింద ముదురు గోధుమ రంగులో గట్టిపడిన గుళికలు. గోడలో వేలాడుతున్న జీడివేరు ఒకటి, తనను పట్టుకున్న మట్టి పోయినా ఇంకా ఎర్రని పొడిని విడవలేదు. వేలితో తాకితే చాలు, గోడ రాలుతుంది. అరచేయి అద్దితే తడి ఆరే దాకా ముద్ర పోదు. ఇంత పెళుసుగా ఉన్న దానిపైకి ఎక్కి దూకుతూ వీడియోలు తీసుకుంటున్న కుర్రాళ్ల గుంపును చూసి వదిన ఊరుకోలేకపోయింది. "బాబూ, కింద నుంచి తీసినా వీడియోలో బాగానే పడతారు, దిగండి" అని మర్యాదగానే చెప్పింది, వాళ్లు నవ్వి దిగారు. కుర్రాళ్ల కాళ్లు చేసే నష్టం ఎంతైనా, పొక్లెయిన్లు చేసే నష్టం ముందు అది లెక్కలోనిది కాదు. 2024లో దిబ్బల అంచున భూమిని చదును చేశారని పెద్ద దుమారమే రేగింది. వేల ఏళ్లుగా వాననీరు గీసుకున్న దారులను ఒక్క వారంలో మూసివేయగలిగినప్పుడు, జాబితాలలో పేరుండడం ఒక్కటే కాపాడదు.

భీమిలి చేరేసరికి సాయంత్రమైంది. గోస్తనీ నది అనంతగిరి కొండలలో పుట్టి, బొర్రా గుహల గుండా వచ్చి ఇక్కడే సముద్రంలో కలుస్తుంది. ఆ ముఖద్వారం దగ్గర లోతు చాలదు. ఇసుక మేటలు వేస్తూనే ఉంటుంది. అందువల్ల ఓడలు దూరాన లంగరు వేసుకుంటే, కుట్టుపలకల మసులా పడవలు అలలను దాటి సరుకును ఒడ్డుకు చేరవేసేవి. డచ్చివారు పదిహేడో శతాబ్దిలో వచ్చి, 1825లో ఆంగ్లేయులకు అప్పగించి వెళ్లిపోయే వరకు ఈ తీరాన వస్త్రాల వర్తకం చేశారు. 1861లోనే ఇక్కడ పురపాలక సంఘం ఏర్పడింది. గోగునారకు అంతర్జాతీయ విపణిలో "బిమ్లీ జూట్" అన్న పేరు పడిందంటే ఈ రేవు ఒకప్పుడు ఎంత సందడిగా ఉండేదో ఊహించుకోవచ్చు. 1933లో విశాఖ ఓడరేవు తెరుచుకున్న తరువాత ఓడలు ఇటు రావడం తగ్గిపోయింది; లోతు ఉన్న చోటికి సరుకు వెళ్లిపోయింది.

సముద్రానికి దగ్గరలోనే ఉన్న డచ్చి సమాధులు కొన్ని గోపురాల ఆకారంలోనూ, కొన్ని పలకలుగానూ ఉన్నాయి. హాలండర్స్ గ్రీన్ అని పిలిచే ఈ స్మశానంలోని పదిహేడో శతాబ్దపు రాతి పలకల మీద వంశ చిహ్నాలనూ అక్షరాలనూ ఎంత లోతుగా చెక్కారంటే, ఉప్పుగాలి మూడు శతాబ్దాలుగా గీకుతున్నా కొన్నింటిని ఇప్పటికీ వేలితో తడిమి చదువుకోవచ్చు. డచ్చి భాష మాకు రాదు కనుక సంవత్సరాలను మాత్రమే చదువుకున్నాము. అప్పటికే వదిన కాళ్లు నొప్పులంటూ కూర్చుండిపోయింది. ఆ పక్కనే కనిపించే పావురాలకొండ మీదా బౌద్ధులు తొలిచిన తొట్లు ఉన్నాయి. మెట్లెక్కే ఓపిక ముగ్గురిలో ఎవరికీ మిగలలేదు, దానిని ఇంకో రోజుకు వదిలేశాము.

తిరుగు బస్సులో మేనల్లుడు తన లెక్కలు విప్పాడు. తొట్టి పొడవు, వెడల్పు అడుగులతో వేసి కొలుచుకున్నాడట, నీటిమట్టం జానలలో రాసుకున్నాడట. "అత్తా, ఇప్పటి కొలత ఒక్కదానితో ఏమీ తేలదు. వైశాఖంలో మళ్లీ వచ్చి కొలిస్తే, ఎండ ఎంత తాగిందో, భిక్షువులకు తాగడానికి ఎంత మిగిలేదో తెలుస్తుంది" అన్నాడు. బుద్ధపూర్ణిమ వైశాఖంలోనే వస్తుంది, ఆనాడు కొండ మీద జనం ఉంటారు, కాబట్టి దానికి ముందు వారంలో వెళ్లాలని నిర్ణయించుకున్నాము. ఆ ఎండలలో ఆ కొండ ఎక్కడం తన వల్ల కాదని వదిన ముందే చెప్పేసింది. టేపూ గొడుగులూ తీసుకుని మేమిద్దరమే వెళ్లాలి.