ముక్కు ఒకరికి, ఛాతీ ఒకరికి

ఇప్పుడు ఊపిరి ఆడుతోంది కాబట్టి ఇది రాయగలుగుతున్నాను.

ఏళ్ల తరబడి నా ముక్కు ఒక డాక్టరు చూశారు, ఛాతీ ఇంకొకరు చూశారు. ముక్కులో పాలిప్స్, అంటే మెత్తటి కండలు, పెరిగాయని ఆపరేషన్ చేశారు, మళ్ళీ పెరిగాయి. ఆయాసం ముదిరినప్పుడల్లా స్టెరాయిడ్ మాత్రలు. ముఖం ఉబ్బింది, షుగర్ పెరిగింది. ఈ రెండూ ఒకే జబ్బు అయ్యుండొచ్చని ఒక్కరూ అనలేదు.

ఒక రాత్రి సైనస్ తలనొప్పికి డాక్టరు రాసిచ్చిన నొప్పి మాత్ర వేసుకున్నాను. గంట తిరక్కుండానే ముక్కు బిగుసుకుపోయింది, ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి. కాసేపటికి కూతలు ఆగిపోయాయి. తగ్గిందనుకున్నారు మావారు. గాలి కదలకపోతే కూత కూడా రాదని ఇద్దరికీ తర్వాతే తెలిసింది. మంచం అంచున మోకాళ్ళ మీద చేతులు ఆనించి కూర్చున్నాను. "నీళ్ళు" అన్న మాట సగంలోనే ఆగిపోయింది. మా అమ్మాయి ఇన్హేలర్‌కి తగిలించే గొట్టం, స్పేసర్, నోటి దగ్గర పెట్టి "పీల్చమ్మా, పీల్చు" అంటోంది. పీల్చే శక్తి లేదు.

క్యాజువాలిటీలో ఆక్సిజన్, నెబ్యులైజర్, ఇంజెక్షన్లు ఎలాగో గడిచాయి. తెల్లారేదాకా నా పక్కనే ఉన్న నర్సుకి ఎప్పటికీ రుణపడి ఉంటాను. కానీ డ్యూటీ డాక్టరు మావారితో అన్నమాట మాత్రం మర్చిపోలేను: "ఆడవాళ్ళకి టెన్షన్ ఎక్కువండీ, ఊరికే గాభరా పడతారు." వేలికి పెట్టిన క్లిప్పు ఆక్సిజన్ 88 శాతానికి పడిపోయిందని చూపిస్తుంటే ఆ మాట ఎలా వచ్చింది? డిశ్చార్జ్ కాగితం మీద కూడా యాంగ్జైటీ అనే రాశారు.

తర్వాత కలిసిన ఊపిరితిత్తుల డాక్టరు మొట్టమొదట అడిగింది, "మీకు వాసన తెలుస్తోందామ్మా?" అని. తెలియక చాలా కాలమైంది. "ఆ రాత్రి ఏ మాత్ర వేసుకున్నారు?" అన్నారు. ఆస్తమా, పాలిప్స్, ఆస్పిరిన్ జాతి నొప్పి మాత్రలు పడకపోవడం, మూడూ కలిసొచ్చే జబ్బు ఒకటుందట. 1922లోనే వైద్యులు దాని గురించి రాశారట. ఎంత కోపమొచ్చిందో చెప్పలేను.

రక్తంలో ఇయోసినోఫిల్స్ (ఒక రకం తెల్లరక్తకణాలు), ఐజీఈ (అలర్జీలో పనిచేసే యాంటీబాడీ) ఎంతున్నాయో చూసి, వాపుకి కారణమయ్యే వాటినే గురిపెట్టి ఆపే బయోలాజిక్స్ అనే ఇంజెక్షన్ల గురించి ఓపిగ్గా చెప్పారు. ఒమాలిజుమాబ్ ఐజీఈని పట్టి ఆపుతుంది. మెపోలిజుమాబ్, బెన్రాలిజుమాబ్ ఇయోసినోఫిల్స్‌ని తగ్గిస్తాయి. టెజెపెలుమాబ్ వాపు మొదలయ్యే చోటే అడ్డుపడుతుంది. నాకు డుపిలుమాబ్ నప్పుతుందన్నారు, ఆస్తమాకీ పాలిప్స్‌కీ రెండింటికీ అనుమతి ఉన్న మందు కనుక. రెండు వారాలకోసారి చర్మం కింద ఇంజెక్షన్. కళ్ళు ఎర్రబడి దురద పెట్టాయి, చుక్కల మందుతో సర్దుకుంది.

ఒకరోజు ఇంజెక్షన్‌కి ముందు దూదితో తుడుస్తుంటే స్పిరిట్ వాసన గుప్పున తగిలింది. "మళ్ళీ ఒకసారి తుడవండి" అన్నాను. దేవుడు నామీద దయ చూపాడని ఆ క్షణం గట్టిగా నమ్మాను, ఇప్పటికీ నమ్ముతున్నాను.

ఇన్హేలర్ మానలేదు, మీరూ మానొద్దు. స్టెరాయిడ్ మాత్రలు డాక్టరే మెల్లగా తగ్గించారు, ఎవరూ సొంతంగా ఒక్కసారిగా ఆపకండి. ఆస్తమా ఉండి వాసన తెలియడం లేదంటే, రెండూ ఒకే డాక్టరుకి చెప్పండి. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి పడకపోతే ఆ పేర్లు చీటీ మీద రాసి దగ్గర పెట్టుకోండి.

కొత్త డాక్టరు చేత నా ఫైల్లో జబ్బు అసలు పేరు రాయించాను. ఆ కాగితం జిరాక్స్ తీయించి, పాత ఆస్పత్రికి పోస్టు చేశాను.