విగ్‌మోర్ హాలులో ఒక వయోలా, నాలుగు తీగలు

పియానో తోడు లేకుండా గంటసేపు వయోలా (ఫిడేలు కన్నా కాస్త పెద్దదైన తీగవాద్యం) ఒక్కటే వినిపించే కచేరీ లండన్‌లో కూడా రోజూ దొరకదు. సోమవారం మధ్యాహ్నం ఒంటిగంటకు విగ్‌మోర్ హాలులో అలాంటిది ఉందని తెలిశాక ఆ రోజు మిగతా కార్యక్రమాలన్నీ దాని చుట్టూ సర్దుకున్నాను. వాయించేది సంగీత విద్యాలయం చదువు ఈమధ్యే ముగించిన అమ్మాయి. కార్యక్రమంలో బాఖ్, స్ట్రవిన్‌స్కీ, లిగెటి, హిండెమిత్ అనే నలుగురు స్వరకర్తల రచనలు ఉన్నాయి. వరుస చూడగానే, ఈ అమ్మాయికి తన వాద్యం బలం, బలహీనత రెండూ తెలుసనిపించింది. ఎందుకో తర్వాత చెబుతాను, ముందు దారి.

హీత్రోలో దిగినవాళ్లకు ఎలిజబెత్ లైను సుఖం. రైలు మారే పని లేకుండా అరగంట పైచిలుకులో బాండ్ స్ట్రీట్ చేరుస్తుంది. బ్యాంకు కార్డు గేటు దగ్గర తాకిస్తే చాలు, టికెట్ కొనక్కర్లేదు. ఎక్కేటప్పుడు ఏ కార్డు తాకించారో దిగేటప్పుడూ అదే తాకించాలి. స్టేషన్ నుంచి హాలు పది నిమిషాల నడక. కాలం చేతిలో ఉంటే హానోవర్ స్క్వేర్ వైపు ద్వారంలోంచి బయటికొచ్చి, ఆక్స్‌ఫర్డ్ సర్కస్ మీదుగా లాంగమ్ ప్లేస్ దాకా వెళ్లి, అక్కడి నుంచి కావెండిష్ స్క్వేర్ చుట్టి రావడం మంచిది. వయోలా చరిత్రలో పెద్ద ముక్క ఈ కాస్త దూరంలోనే ఉంది.

లాంగమ్ ప్లేస్‌లో ఆల్ సోల్స్ చర్చి పక్కన ఒకప్పుడు క్వీన్స్ హాలు ఉండేది. 1941 మే నెల బాంబు దాడిలో కాలిపోయింది, ఇప్పుడక్కడ వేరే కట్టడాలు. 1929 అక్టోబరు 3న ఇంగ్లీషు స్వరకర్త వాల్టన్ రాసిన వయోలా కన్చెర్టో (ఆర్కెస్ట్రా తోడుగా ఒక వాద్యం ముందుండి నడిపే రచన) మొదటిసారి వినిపించింది అక్కడే. ఆ రచన అనుకున్నది లయనెల్ టెర్టిస్ కోసం. వయోలాను ఆర్కెస్ట్రా మధ్య వరుసలోంచి లాగి వేదిక ముందుకు తెచ్చినవాడాయన. కానీ రచన మరీ కొత్తగా ఉందని తిప్పి పంపేశాడు. జర్మనీ నుంచి వచ్చి దాన్ని వాయించినవాడు హిండెమిత్. చర్చి వెనకే బీబీసీ బ్రాడ్‌కాస్టింగ్ హౌస్. 1936 జనవరి 20 రాత్రి అయిదో జార్జి చనిపోతే, మర్నాడు పదకొండు నుంచి అయిదు దాకా బీబీసీ వాళ్లిచ్చిన గదిలో కూర్చుని హిండెమిత్ వయోలాకూ తీగవాద్యాలకూ ‘శోక సంగీతం’ రాసి, ఆ సాయంత్రమే రేడియోలో తనే వాయించాడు.

విగ్‌మోర్ హాలు 1901లో బెక్‌స్టైన్ హాలు పేరుతో మొదలైంది. పక్కనే ఆ జర్మన్ పియానో కంపెనీ దుకాణం ఉండేది. మొదటి ప్రపంచ యుద్ధంలో శత్రువుల ఆస్తి కింద 1916లో స్వాధీనం చేసుకుని వేలం వేస్తే డెబెన్‌హామ్స్ కొనుక్కుంది. 1917లో ఇప్పటి పేరుతో మళ్లీ తెరిచారు. సీట్లు 550 చిల్లర. పెట్టెలాంటి పొడవాటి గది, వంపు తిరిగిన పైకప్పు, వేదిక మీద అర్ధగోళపు గూడు, దాని నిండా చిత్రం. ఈ ఆకారం ఒంటరి తీగవాద్యానికి బాగా కలిసొస్తుంది. కమాను తీగను తాకగానే వచ్చే చిన్న గరగర కూడా చివరి వరుసకు చేరుతుంది. అంటే తప్పూ చేరుతుందన్నమాట.

టికెట్ ఆన్‌లైన్‌లో ముందే తీసుకోవాలి. 35 ఏళ్ల లోపు వాళ్లకు చాలా కచేరీలకు 5 పౌండ్లకే ఇస్తారు, వయసు రుజువు దగ్గర పెట్టుకోండి. సోమవారం మధ్యాహ్నం కచేరీలు బీబీసీ రేడియో 3లో ప్రత్యక్ష ప్రసారమవుతుంటాయి. కాబట్టి ఒంటిగంటంటే ఒంటిగంటే. ఆలస్యంగా వెళ్తే చప్పట్ల మధ్య ఎప్పుడో లోపలికి పంపుతారు, అసలు పంపకపోవచ్చు కూడా. దగ్గు బిళ్ల కాగితం ముందే విప్పుకోవాలి. ఆ నిశ్శబ్దంలో ఆ చప్పుడు ఎంత పెద్దదో విన్నవాళ్లకే తెలుసు.

సీటు గురించి ఒక మాట. వయోలా పైపలక మీది రెండు రంధ్రాలు వాయించేవారి కుడిచేతి వైపుకి, అంటే మనకు ఎడమవైపుకి వాలి ఉంటాయి. ధ్వని కోసమైతే నడవకు ఎడమపక్క, మధ్య వరుసలకు కాస్త వెనక కూర్చోవాలి. ఎడమచేతి వేళ్లు చూసి నేర్చుకోవాలనుకునేవాళ్లు కుడిపక్క కూర్చోవడం మేలు. రెండూ ఒకే సీటులో దొరకవు. బాల్కనీ కిందికి పోయే చివరి వరుసలు మాత్రం నాకు నచ్చవు, అక్కడ మంద్రం కాస్త మూసుకున్నట్టుంటుంది.

ఇక వాద్యం. మన ఇళ్లలో ఫిడేలు తెలియనివాళ్లు లేరు, వయోలా అంటే మాత్రం ‘పెద్ద ఫిడేలా?’ అంటారు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ వయోలా కూడా వాయించేవారని గుర్తున్నవాళ్లు తక్కువ. తీగలు పైనుంచి ఏ, డి, జి, సి. ఫిడేలు మీది సన్నటి ఇ తీగ ఇక్కడ లేదు, అడుగున సి వచ్చి చేరింది. అసలు చిక్కంతా ఆ సి దగ్గరే. ఫిడేలు పెట్టె పొడవు సుమారు 35.5 సెంటీమీటర్లు. శృతి పంచమం కిందికి దిగినప్పుడు పెట్టె కూడా ఒకటిన్నర రెట్లయి 53 దాకా పెరగాలి. అంత పొడుగు వాద్యాన్ని గడ్డం కింద పెట్టి వాయించడం ఎవరి తరమూ కాదు. అందుకే 39 నుంచి 43 దగ్గర రాజీ పడ్డారు. పెట్టె చాలక సి తీగ కాస్త ముక్కుతో పలికినట్టు, మసకగా పలుకుతుంది. ఇది లోపమే, వయోలాకు ప్రత్యేకమైన గొంతు ఇచ్చిందీ అదే. తీగ లావు కాబట్టి కదలడానికి సమయం తీసుకుంటుంది. కమాను ఫిడేలు కమాను కన్నా బరువు, 70 గ్రాముల దాకా ఉంటుంది. సి మీద దాన్ని నెమ్మదిగా, బరువుగా, తాళం కన్నా వెంట్రుకవాసి ముందుగా మొదలుపెట్టాలి. ఫిడేలు అలవాటుతో వేగంగా లాగితే స్వరం రాదు, గాలి చప్పుడొస్తుంది.

ఆమె మొదలుపెట్టింది బాఖ్ మూడో చెల్లో సూట్‌తో. చెల్లో అంటే వయోలా కన్నా పెద్ద, ఇంకా కింది శృతి వాద్యం. సూట్ అంటే నాట్యరీతుల వరుస. చెల్లోకు రాసినవే వయోలాపై ఒక స్థాయి పైన వాయిస్తారు, తీగల పేర్లు అవే కాబట్టి పెద్దగా మార్పులు అక్కర్లేదు. మొదటి భాగం మొదటి వాక్యం మన చెవికి శంకరాభరణం అవరోహణే. పైనుంచి మెట్టు మెట్టుగా దిగి, చివరికి అట్టడుగు సి మీద కూర్చుంటుంది. ఆ చివరి స్వరం దగ్గర కమాను ఎలా ఆనించిందో చూశాను. మోచేయి పైకి లేపి, కమానును పట్టు దగ్గరి భాగంతో తీగ మీద పెట్టి, లాగేముందు ఒక్క క్షణం ఆగింది. తీగ పూర్తిగా కదిలాకే ముందుకు సాగింది. అదే భాగంలో తర్వాత చాలాసేపు జి తీగ విడిగా మోగుతుంటే దాని చుట్టూ స్వరాలు అల్లుకుంటాయి. మన శృతి పెట్టెకు అలవాటు పడ్డ చెవి అక్కడ సులువుగా తప్పు పట్టగలదు. ఒకచోట వేలు కొంచెం కింద పడింది, మరుసటి ఆవృత్తికే సర్దుకుంది. సరబాండ్ అనే నెమ్మది నాట్యభాగంలో మూడు తీగల మీద పలకాల్సిన స్వరాలను గుంపుగా కొట్టకుండా కింది నుంచి పైకి విడదీసి మీటినట్టు వాయించింది. వయోలా మీద ఇదే సరైన పద్ధతని నా అభిప్రాయం. మూడూ ఒకేసారి నొక్కితే కింది తీగ కీచుమంటుంది.

బాఖ్ ముందు రావడంలో ఆలోచన ఉంది. బయట చలి, లోపల వేడి. విశ్రాంతి గదిలోంచి వేదిక దీపాల కిందికి రాగానే బిరడలు వదులవడం, తీగలు దిగడం మామూలే. శృతి కచ్చితంగా కావాల్సిన రచన, తీగలు తాజాగా కట్టి ఉన్నప్పుడే అయిపోవాలి.

స్ట్రవిన్‌స్కీ ‘ఎలజీ’ 1944 నాటిది, ప్రో ఆర్తే క్వార్టెట్ స్థాపకుడు ఆల్ఫోన్స్ ఒనూ స్మృతిలో రాసింది. ఆసాంతం మ్యూట్ పెట్టే వాయించాలి. మ్యూట్ అంటే తీగలు ఆని ఉండే బ్రిడ్జిని పట్టుకుని దాని కదలికను తగ్గించే చిన్న రబ్బరు ముక్క. సాధారణంగా దాన్ని బ్రిడ్జి వెనక తీగల మీదే వదిలేస్తారు. ఇలాంటి హాలులో అది పనికిరాదు, గట్టిగా వాయించినప్పుడు జుయ్యిమంటుంది. ఆమె ఊడదీసుకునే రకం తెచ్చుకుంది. పని కాగానే తీసి జేబులో వేసుకుంది. ఈ రచన మధ్యలో రెండు గొంతుల ఫ్యూగ్ వస్తుంది, అంటే ఒక గొంతు ఎత్తుకున్న వాక్యాన్నే రెండోది వెంబడిస్తుంది. ఒకే కమానుతో రెండు తీగల మీద రెండు వాక్యాలు నడవాలి, ఏది ముందు వాక్యమో వినేవాడికి తెలియాలి. కమాను కోణం పిసరంత మారిస్తే ఒక గొంతు పైకొస్తుంది. ఇక్కడ ఆమె రెండింటికీ సమానంగా బరువిచ్చింది. శుభ్రంగా ఉంది కానీ సంభాషణ వినిపించలేదు.

లిగెటి దగ్గర మాత్రం హాలు మొత్తం సర్దుకుని కూర్చుంది. ఆయన సొనాటాలో మొదటి భాగం ‘హోరా లుంగా’ను విడిగా తీసుకుంది. జర్మనీలో టబేయా సిమర్‌మాన్ అనే వయోలా కళాకారిణి వాయించగా ఆ సి తీగ గొంతు విని లిగెటికి ఈ సొనాటా రాయాలనిపించింది. ఈ భాగం మొదటి స్వరం నుంచి చివరి దాకా సి తీగ ఒక్కదాని మీదే. పైగా పియానో స్వరస్థానాల్లో ఉండదు. సి తీగ కింద లేని ఎఫ్ తీగ ఒకటి ఉన్నట్టు ఊహించుకుని, దాని సహజ ఉపస్వరాల (తీగ మోగినప్పుడు మూలస్వరంతో పాటు దానంతటవే పుట్టే పై స్వరాల) లెక్కన స్వరాలు దించుతారు. అర్ధస్వరాన్ని వంద భాగాలు చేస్తే అయిదో ఉపస్వరం 14 భాగాలు కిందికి, ఏడోది 31, పదకొండోది 49. ఎంత దించాలో చెప్పడానికి స్వరలిపిలో వేర్వేరు బాణం గుర్తులున్నాయి.

చుట్టూ ఉన్నవాళ్లకు ఇది వింత శృతి. తంబూరా విన్నవాళ్లకు అంత వింత కాదు. మంద్ర షడ్జమం మీటి ఊరుకుంటే అంతర గాంధారం దానంతటదే వినిపిస్తుంది కదా, ఆ 14 భాగాలు దిగిన గాంధారమే ఇది. ఏడోది మన కైశికి నిషాదం కన్నా బాగా కింద. పదకొండోది శుద్ధ మధ్యమానికీ ప్రతి మధ్యమానికీ సరిగ్గా నడుమ పడుతుంది. దానికి మనకూ పేరు లేదు. అమ్మాయి మొదటి రెంటినీ చక్కగా పెట్టింది, పదకొండోదాన్ని రెండుసార్లు మధ్యమం వైపు లాగేసింది. అలవాటైన చెయ్యి తెలిసిన స్వరం వైపుకే జారుతుంది. అంత లావు తీగ మీద వేలు బాగా పైకి పోవాలంటే ఎడమ మోచేయి పెట్టె కిందుగా బాగా లోపలికి రావాలి. 42 సెంటీమీటర్ల వాద్యం పట్టుకున్న చిన్న చేతులకు అది నరకం. అందుకే ఈ రచన వాయించదలచినవాళ్లు వాద్యం పొడవు చూసి మొదలుపెట్టాలి.

చివరగా హిండెమిత్ 1922 నాటి సొనాటా, ఓపస్ 25, నంబరు 1. ఇందులో కొంత భాగం కొలోన్ వెళ్లే రైలు భోజనశాలలో రాసి, దిగి నేరుగా వేదిక ఎక్కి వాయించానని ఆయనే చెప్పుకున్నాడు. నాలుగో భాగానికి ఇచ్చిన వేగం నిమిషానికి 600 నుంచి 640 క్వార్టర్ నోట్లు, అంటే సెకనుకు సుమారు పది స్వరాలు. స్వరం అందంగా ఉండటం ముఖ్యం కాదని పైనే రాసిపెట్టాడు. విడి సి తీగ ఆగకుండా మోగుతుంటే మీద తీగల్లో స్వరాలు గుద్దుకుంటూ పోతాయి. భుజంతో కొడితే నిమిషంలో చెయ్యి బిగుసుకుపోతుంది. కమాను నడిమి భాగంలో, మణికట్టుతో, చాలా కురచ కదలికలతో వాయించాలి. హిండెమిత్ రాసిన వేగాన్ని ఆమె అందుకోలేదు. అందుకున్నవాళ్లు తక్కువే. అందుకోలేదన్నది లోపంగా తోచలేదు, ఎందుకంటే తాళం ఎక్కడా వదల్లేదు. అయ్యేసరికి కమాను నుంచి రెండు వెంట్రుకలు తెగి వేలాడాయి. వాటిని పీకలేదు, పట్టు దగ్గర గోటితో తుంచేసింది. పీకితే పక్కవి కూడా వదులవుతాయి. తర్వాత సి బిరడ సవరించి, విడిగా రెండుసార్లు విని, చివరి నెమ్మది భాగం మొదలుపెట్టింది. సి తీగను అంత హింసించే రచన ఆఖర్న రావడంలోని తెలివి అదే.

కచేరీ తర్వాత కళాకారుల గదికి వెళ్లి పలకరించవచ్చు, ఇక్కడ అది మర్యాదే. సి తీగ ఎప్పుడు మార్చారని అడిగాను. వారం కిందట అంది. కొత్త తీగ సాగడం ఆగాలంటే రోజూ వాయించే చేతిలో మూడు నాలుగు రోజులు పడుతుందట. ముందురోజు మార్చడం ఆపద, నెలల పాతదైతే ధ్వని చచ్చిపోతుంది.

మన దగ్గర నుంచి ఫిడేలో వయోలానో తీసుకెళ్లేవాళ్లకు ఇదే సందర్భంలో చెప్పాల్సినవి: వయోలా పెట్టె క్యాబిన్ సంచి కొలతల్లో పట్టదు, విమాన సంస్థ అనుమతి రాతపూర్వకంగా ముందే తీసుకోండి. తీగలన్నీ పూర్తిగా వదులు చేయొద్దు, లోపల నిలబెట్టిన సౌండ్ పోస్టు పడిపోతుంది. అర స్వరం దించితే చాలు. కమాను వెంట్రుకలు మాత్రం వదులు చేయాలి. పాత కమానుల్లో ఏనుగు దంతమో తాబేటి చిప్పో ఉంటే సరిహద్దులో ఇబ్బంది, కాగితాలు చూసుకోండి. విజయవాడ తేమలో ఉన్న చెక్క చలికాలం లండన్‌లో హీటర్ గదిలోకి వెళ్తే పలక పగిలే ప్రమాదం ఉంది. పెట్టెలో తేమ గొట్టం, తేమ కొలిచే మీటరు పెట్టి 40–60 శాతం మధ్య ఉంచాలి.

హాలు నుంచి మేరిల్‌బోన్ హై స్ట్రీట్ మీదుగా ఇరవై నిమిషాలు నడిస్తే రాయల్ అకాడమీ ఆఫ్ మ్యూజిక్. టెర్టిస్ పాఠాలు చెప్పింది ఇక్కడే. ఇటలీ వాద్యశిల్పి స్ట్రాడివారి 1696లో చేసిన ‘ఆర్కింతో’ వయోలా ఈ సంస్థదే. ఆయన చేసిన వయోలాలు ప్రపంచంలో డజను దాకానే మిగిలాయి. మ్యూజియం ప్రవేశం ఉచితం, కానీ తెరిచి ఉందో, ఆ వాద్యం ప్రదర్శనలో ఉందో వెబ్‌సైట్‌లో చూసుకుని కదలండి.

వెళ్లలేనివాళ్లకు, విగ్‌మోర్ హాలు తన వెబ్‌సైట్‌లో కొన్ని కచేరీలు నేరుగా చూపిస్తుంది. అక్కడి ఒంటిగంట మనకు వేసవిలో సాయంత్రం అయిదున్నర, చలికాలంలో ఆరున్నర. ఫోను స్పీకరులో మాత్రం వినకండి. సి తీగ 131 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, ఆ చిన్న స్పీకర్లు అంత కిందికి దిగవు. కాస్త మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకోండి.