మనిషికి ఇరవై రూపాయలు

అరకులో పసుపు పూలు పూసే నూనెగింజల పంట వలిసె చేల మధ్య ఫొటోలు తీసుకోవాలంటే మనిషికి ఇరవై రూపాయలు ఇవ్వాలని అన్నప్పుడు, అడిగిన ఆమె ముఖం కూడా సరిగ్గా చూడకుండానే నేను వాదనకు దిగాను. ఇరవై రూపాయలు పెద్ద మొత్తం కాదని నాకూ తెలుసు. కానీ ముందు రోజు కొండెక్కింది మొదలు నా చెయ్యి జేబులోంచి బయటికి రాలేదు. కార్తీక మాసం, అందులోనూ శనివారం కావడంతో మామూలు రోజుల్లో వెయ్యికి దొరికే గదికి మూడు వేలు తీసుకున్నారు. బకెట్టు వేడినీళ్ళకు వేరే లెక్క. తెల్లవారుజామున చాపరాయి జలపాతం దారిలో నాలుగైదు కిలోమీటర్లు తీసుకెళ్ళి దింపడానికి ఆటో అబ్బాయి మూడు వందలు అడిగి, బేరమాడితే "సీజన్ కదండీ" అన్నాడు. లాడ్జి గుమస్తా అన్నదీ ఆ మాటే, కాగితం గ్లాసులో సగం కాఫీ పోసి ముప్పై రూపాయలు పుచ్చుకున్న దుకాణదారు అన్నదీ ఆ మాటే. అంతమందికీ నోరెత్తకుండా చెల్లించుకున్న నేను చివరకు నోరు చేసుకున్నది, చీర కొంగు తలమీదుగా కప్పుకుని గట్టు మీద గొంతుక్కూర్చున్న ఒక ముసలమ్మతో.

వారాంతాల్లో కెమెరా భుజాన వేసుకుని ఊళ్ళ వెంట నడవడం నాకు పదేళ్ళుగా అలవాటు. మాది తణుకు వైపు. అక్కడ కాలువ గట్ల మీద ఎన్ని మైళ్ళు నడిచినా అలసట తెలియదు కానీ, పంటకూ పంటకూ మధ్య రోజులు మినహాయిస్తే ఏడాది పొడుగునా కంటికి కనబడేది ఒకే పచ్చదనం. రుతువు మారితే రంగు కూడా మారే నేల కావాలనిపించింది. ఒకే చోట నిలబడి, ఒకే లెన్సుతో, ఒకే కోణంలో మూడు కాలాల్లో మూడు ఫొటోలు తీసి పక్కపక్కన గోడకు తగిలించాలన్నది నా ఆలోచన. అందుకు అరకును మించిన చోటు లేదని, అందులోనూ వలిసెలు పూసే నవంబరుతోనే మొదలుపెట్టాలని నిశ్చయించుకున్నాను.

రైలు ప్రయాణం గురించి చెప్పడానికి పెద్దగా లేదు. విస్టాడోమ్ అనే అద్దాల పెట్టెలో టిక్కెట్లు దొరకలేదు. కిరండూల్ పాసింజరు జనరల్ పెట్టెలో శృంగవరపుకోట దాకా నిలబడి, ఆ తరువాత ఎవరి పుణ్యమో సగం సీటు దొరికించుకున్నాను. సొరంగం వచ్చిన ప్రతిసారీ పెట్టెలోని పిల్లలందరూ ఒక్క గొంతుతో కేకలు పెట్టేవారు, మొదటి అయిదు సొరంగాల దాకా నాకూ సరదాగానే ఉంది. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడం కోసం 1960ల్లో వేసిన ఈ దారిలో సొరంగాలు యాభై పైచిలుకు ఉంటాయి కనుక, బొర్రా గుహలు దాటేసరికి తల దిమ్మెక్కిపోయింది. శిమిలిగుడ స్టేషన్లో 996 మీటర్ల ఎత్తు అని రాసిన బోర్డు దగ్గర చల్లగాలి ముఖానికి తగిలింది. ఆ రోజంతటిలో నేను డబ్బు చెల్లించకుండా పొందిన సుఖం అదొక్కటే.

మర్నాడు ఆటో దిగేసరికి మంచు ఇంకా విడవలేదు. రోడ్డు వదిలి మట్టిబాట పట్టాను. పది అడుగుల ముందు ఏముందో కనబడదు. చెట్ల మీద నుంచి రాలే నీటిబొట్ల చప్పుడు, దూరంగా ఎక్కడో పశువుల మెడలో గంట, అంతే. ఏడు దాటాక మంచు ఒక పక్క నుంచి పలచబడుతూ, ముందుగా ఒక ఒంటి మామిడిచెట్టు, దాని పక్కన కరెంటు స్తంభం, ఆ తరువాత వాటి కింద నుంచి కొండవాలు దాకా పరుచుకున్న పసుపు బయటపడ్డాయి. గోడకు తగిలించే మూడు ఫొటోల్లో మొదటిది ఇక్కడే అనుకున్నాను.

పసుపు రంగును ఫొటో తీయడం చూసినంత సులువు కాదు. ఎండ ఎక్కాక తీస్తే రేకుల మీది గీతలన్నీ కరిగిపోయి పసుపు ముద్ద ఒకటి మిగులుతుంది. అందుకని ఎక్స్‌పోజరు కొంత తగ్గించి, మంచు పూర్తిగా విడవకముందే పని ముగించుకోవాలి. నాకున్నది మహా అయితే అరగంట. సరిగ్గా అప్పుడే వెనక నుంచి "బాబూ, మడిసికి ఇరవై" అన్న మాట వినబడింది.

నేను చేలోకి దిగడం లేదన్నాను. గట్టు మీద నుంచి తీసుకుంటే నీకు పోయేదేముందన్నాను. ప్రకృతిని చూడటానికి కూడా టిక్కెట్టా అన్నాను. ఈ మాట అన్నప్పుడు నా గొంతులో వినబడిన గాంభీర్యం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. ఆమెకు నా తెలుగు సగమే అర్థమైనట్టుంది. పక్కనే బిస్కెట్ల రేకు డబ్బా పట్టుకుని కూర్చున్న పదేళ్ళ మనవడితో తమ భాషలో ఏదో అంది. ఒడియా పలుకుబడి కలిసిన ఆ భాషలో నాకు తెలిసినట్టు తోచిన మాట "ఫొటో" ఒక్కటే. ఆ పిల్లవాడు లేచి, "మామ్మ ఒకటి చూపిస్తదంట, రమ్మంటంది. ఎనకమాలే నడు, చేలో కాలెయ్యొద్దు" అన్నాడు.

గట్టు చివర మామిడిచెట్టుకు అవతలి వైపు, చేని నడుమ కళ్ళమంత మేర గుండ్రంగా నేల బయటపడి ఉంది. మధ్యలో అణగదొక్కిన మొక్కలు నల్లబడి నేలకు అతుక్కుపోయాయి. అంచున ఉన్నవి సగం వంగి, అప్పటికీ పూస్తూనే ఉన్నాయి. ముందు ఆదివారం పెళ్ళికి ముందు తీసుకునే ఫొటోల కోసం ఒక జంట వచ్చారట, వారి వెంట గొడుగులు, దీపాలు పట్టుకున్న వాళ్ళు ఆరుగురు. అమ్మాయి పూల మధ్య పడుకుంటే పై నుంచి డ్రోనుతో తీశారట. గుండ్రంగా ఎందుకు తొక్కారని అడిగితే, "తిరిగి తిరిగి డాన్సు ఆడినారు" అని ఆ పిల్లవాడు రెండు చేతులూ చాచి ఒక చుట్టు తిరిగి చూపించాడు. మామ్మ మాత్రం నవ్వలేదు. ఆమె వంగి, అంచున ఒరిగిన ఒక మొక్కను రెండు వేళ్ళతో పట్టుకుని నిలబెట్టింది. వదలగానే అది మళ్ళీ ఒరిగిపోయింది. విరిగిన చోట కాడ లోపలంతా బోలుగా ఉంది. అది ఇక లేవదని చెప్పడానికి ఆమెకు ఏ భాషా అవసరం లేకపోయింది.

మా తాతగారికి రెండెకరాల చేను ఉండేది. వరి కోతకు ముందు అందులో మినుములు చల్లేవారు. కోత కోసి పనలు ఎత్తిన తరువాత మోళ్ళ మధ్య నుంచి మినపమొక్క రెండాకులు వేసుకుని లేచేది. సంక్రాంతి సెలవులకు వెళ్ళిన పిల్లలం క్రికెట్టు ఆడుతూ, బంతి ఆ చేలో పడితే దిగి తెచ్చుకునేవాళ్ళం. ఒకసారి ఆయన చూశారు. మెత్తటి మనిషి, ఎప్పుడూ గొంతెత్తి ఎరగరు. ఆ రోజు మాత్రం మా వెంటపడి, బంతిని లాక్కుని కాలువలోకి విసిరేశారు. "అడుగుకు నాలుగు మొక్కలు పోతాయిరా, నాలుగు మొక్కలంటే పిడికెడు మినుములు" అన్న లెక్క నాకు ఇప్పటికీ జ్ఞాపకం. పట్నం నుంచి కారులో దిగిన వాళ్ళు ఆయన చేలో నృత్యం చేసి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవడం కూడా కష్టమే. ఇరవై రూపాయలతో మాత్రం పోయేది కాదు.

డబ్బాలో యాభై వేశాను. పిల్లవాడు ముప్పై చిల్లర లెక్కపెట్టి తిరిగి ఇచ్చాడు. మంచు అప్పటికే పోయింది, వెలుతురు పాడైంది. నేను అనుకున్న ఫొటో ఆ రోజు రాలేదు.

దానికి బదులుగా గట్టు మీద మోకాళ్ళ మీద కూర్చుని మాక్రో లెన్సుతో ఒకే పువ్వును రెండు గంటల పాటు చూశాను. వలిసె పువ్వుకు రేకులు ఎనిమిది, ఒకటీ అరా ఎక్కువో తక్కువో. ప్రతి రేకు కొసా మూడు పళ్ళుగా చీలి ఉంటుంది. దూరం నుంచి ఒకే పసుపుగా కనిపించేది దగ్గరికి వెళితే నడుమ ముదురు, అంచున లేత. తేనెటీగ వచ్చి వాలితే కాడంతా ఊగుతుంది, ఊగడం ఆగేసరికి అది మరో పువ్వు మీద ఉంటుంది. ఒక మొక్క పుప్పొడి ఇంకో మొక్కకు చేరితే తప్ప వలిసె గింజ కట్టదు కనుక, ఆ చేను నూనెగా మారడమంతా ఈ ఈగల రాకపోకల మీదే ఆధారపడి ఉంది. చేని నిండా మనుషులు తిరుగుతుంటే ఈగలు ఎంత నింపాదిగా తిరగగలవో నాకు తెలియదు కానీ, నేను కదిలినప్పుడల్లా అవి లేచి పోవడం మాత్రం గమనించాను. గింజ ఎలా ఉంటుందని అడిగితే మామ్మ కొంగు ముడి విప్పి, కిందటి ఏడాదివి చిటికెడు నా అరచేతిలో పోసింది. జీలకర్ర కన్నా పొట్టిగా, నల్లగా మెరుస్తున్నాయి. వాటిని ఎక్కడో చూసినట్టనిపించి చాలాసేపు ఆలోచిస్తే గుర్తొచ్చింది. న్యూజెర్సీలో ఉంటున్న మా పెదనాన్నగారి అబ్బాయి పెరట్లో పిట్టల కోసం గొట్టం ఒకటి వేలాడదీసి, దాని నిండా పోసే గింజలు ఇవే. ఆ సంగతి ఆమెకు చెప్పాలనుకున్నాను. పిల్లవాడు తర్జుమా చేశాడు. "పిట్టలకి కొనిపెడతారా?" అని ఆమె అడిగిందట, నమ్మకం లేని గొంతుతో.

రెండోసారి ఏప్రిల్ మొదటి వారంలో వెళ్ళాను. నిజానికి ఆ ప్రయాణం కాఫీ పూల కోసం. వేసవిలో మొదటి జల్లు పడిన వారం పది రోజులకు కాఫీ తోట ఒక్కసారిగా తెల్లబడుతుంది, మల్లెపూల వంటి వాసన రోడ్డు దాకా వస్తుంది. కానీ ఆ తెలుపు నిలిచేది మూడు నాలుగు రోజులే. నేను అనంతగిరి తోటలకు చేరేసరికి పూలన్నీ గోధుమరంగుకు తిరిగి కొమ్మలకు వేలాడుతున్నాయి. "మొన్న రావలసింది" అన్నారు తోటలో పనివాళ్ళు, పెళ్ళి భోజనానికి ఆలస్యంగా వచ్చిన వాడిని చూసినట్టు చూస్తూ. సిల్వర్ ఓక్ చెట్ల నీడన మిరియాల తీగలను నాలుగు ఫొటోలు తీసుకుని, అంత దూరం వచ్చినందుకు చాపరాయి దారి పట్టాను. ఈసారి ఆటోకు నూట యాభై. సీజన్ కాదు కదా.

వలిసె చేను ఏదో పోల్చుకోవడానికే నాకు పావుగంట పట్టింది. పసుపు లేదు, మంచు లేదు, దుమ్మురంగు మట్టి మీద ఎండిన మోళ్ళు మాత్రం ఉన్నాయి. మామిడిచెట్టు, కరెంటు స్తంభం లేకపోతే నేను వెనక్కి తిరిగేవాడినే. తొక్కిన చోటు ఏదో ఇప్పుడు చెప్పలేం. నవంబరులో నిలబడిన చోటనే నిలబడి అదే కోణంలో ఒక ఫొటో తీశాను. డబ్బు అడిగేవారు ఎవరూ లేరు. ఒక మేక నన్ను చూసి, మళ్ళీ తన పనిలో పడింది. వెనుదిరుగుతూ ఎందుకో గట్టు మీదనే నడిచాను, చేలో పంట లేకపోయినా.

మూడోది జులై ఆఖరులో. ఘాటు రోడ్డులో వాన, అద్దాలు తుడిచే రెక్క పనిచేయని బస్సు, ప్రతి మలుపులోనూ తల బయటపెట్టి దారి చూసుకునే డ్రైవరు. ఆ మూడు గంటలూ నేను కిటికీ వైపు చూడలేదు. అరకులో గది ఎనిమిది వందలకు దొరికింది, వేడినీళ్ళు అందులోనే. మర్నాడు పొద్దున్న వాన తెరిపిచ్చినప్పుడు చేను దగ్గరికి నడిచి వెళ్ళాను. బాట పొడుగునా ఎర్రనీళ్ళు. కొండల మీద నుంచి తెల్లటి పొగలాంటి మబ్బు దిగి, మామిడిచెట్టు తలను తాకి వెళుతోంది. వానాకాలపు అరకులో ఒక్క ఆకుపచ్చకే ఇన్ని రకాలు ఉంటాయని ఎవరూ ఎందుకు చెప్పరో తెలియదు.

చేలో ఆరుగురు ఆడవాళ్ళు వరసగా వంగి నాటు వేస్తున్నారు. పెద్దవాళ్ళ తలల మీద వెనకటి ఆకుల గిడుగులు లేవు. ఎరువుల సంచులను కోసి, ఒక మూలను లోపలికి మడిచి టోపీలాగా పెట్టుకున్నారు. నాటుతున్నది వరి కాదు, చోళ్ళు, అంటే రాగులు. గట్టు మీద నారు కట్టలు అందిస్తున్న పిల్లవాడు నన్ను వెంటనే గుర్తుపట్టాడు. మామ్మ గుర్తుపట్టలేదు. గుర్తు చేయడానికి వాడు అరచేతిలో గింజలు పోసినట్టు, ఎగిరిపోయే పిట్ట ఆడించినట్టు సైగలు చేసి చూపించాడు. అప్పుడు ఆమె నడుము నిలబెట్టి నా వైపు చూసి, ముక్కుకున్న మూడు నత్తులూ కదిలేలా నవ్వింది.

ఈ నవంబరులో కూడా వస్తానని, ఇదే చోటు నుంచి మళ్ళీ పూలను తీస్తానని వాడికి చెప్పాను. నా మూడు ఫొటోలు కాస్తా నాలుగు కావాలని అప్పటికప్పుడు అనుకున్నాను. వాడు తల అడ్డంగా ఊపాడు.

"ఈ యేడు ఈడ వలిసెలు ఉండవు. చోళ్ళు వేసినం కదా, అవి కోసేసరికే నవంబరు అయిపోద్ది. వలిసెలు ఆ పైన" అని చేను దాటి, వాగు దాటి, మబ్బులో సగం మునిగిన కొండవాలును చూపించాడు. అక్కడ మామిడిచెట్టూ లేదు, కరెంటు స్తంభమూ లేదు. నిలబడటానికి గట్టయినా ఉందో లేదో కనబడలేదు.

అయినా కెమెరా తీసి, పాత కోణం కోసం రెండడుగులు పక్కకు జరిగాను. నాటు వేస్తున్న మామ్మ తల ఎత్తకుండానే కేక పెట్టింది. ఈసారి ఆమె మాటలు నాకు తర్జుమా లేకుండానే అర్థమయ్యాయి.

"చేలో దిగకు, బాబూ!"